తప్పులు తెలిసిన పట్టాలు

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా రైలుమార్గంలో కొండ లేదు, సొరంగం లేదు, ఘాట్ లేదు. దెందులూరు, భీమడోలు, పూళ్ల, కైకరం, చేబ్రోలు, బాదంపూడి అంటూ ఒకదాని వెనుక ఒకటి స్టేషన్లు వస్తాయి. ఒక పక్క వరిచేలు, కొల్లేటి దిక్కున చేపల చెరువులు, మధ్యలో రైలు కట్ట. 1890ల్లో ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే బెజవాడ నుంచి కటక్ వైపు వేసిన మార్గంలో ఇది చదునైన ముక్క. ఉంగుటూరు మండలం మీదుగా సాగే ఈ లైనును ఇంట్లో బల్లమీద నమూనాగా కట్టుకోవాలని ముచ్చటపడేవారికి ఒక సందేహం రావడం సహజం. ఇంత సాఫీ మార్గం మీద తిరగాల్సిన బొమ్మ ఇంజన్లకూ పెట్టెలకూ విడిగా పరీక్షా ట్రాక్ ఎందుకు? ఒకవేళ వేసినా, తిన్నగా, నున్నగా నాలుగడుగుల పట్టా చాలదా? చాలదని నా వాదన. పరీక్షా ట్రాక్ నమూనా రైల్వేలో ఒక భాగం కాదు, అదొక కొలత పరికరం. అందులో తప్పులు ఉండాలి. ఆ తప్పులు మనం కావాలని పెట్టినవై ఉండాలి, ఒక్కొక్కటీ విడివిడిగా ఉండాలి, ఎంత తప్పో మిల్లీమీటర్లలో తెలిసి ఉండాలి.

పరీక్ష అంటే ఏమిటో పెద్ద రైల్వేలు చాలా ఖర్చుపెట్టి నేర్చుకున్నాయి. మన దేశంలో కొత్త రకం ఇంజనుగానీ పెట్టెగానీ ప్రయాణికులను ఎక్కించుకునే ముందు లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ పరీక్షలు నెగ్గాలి. ఆ పరీక్షలకు చాలాకాలం మామూలు రైళ్లు తిరిగే మార్గాలే దిక్కయ్యాయి. 2022 ఆగస్టులో కొత్త వందే భారత్‌ను గంటకు 180 కిలోమీటర్ల వేగంతో నడిపి చూసింది కోటా–నాగదా మార్గం మీదే. ఇందులో ఒక చిక్కు అందరికీ కనిపించేదే, పరీక్ష జరిగినంతసేపూ మిగతా రైళ్లను సర్దుకోమనాలి. రెండోది అంతకంటే లోతైనది. జనం ప్రయాణించే ట్రాక్‌ను పరీక్ష కోసం పాడుచేయలేం. బాగున్న ట్రాక్ మీద బాగా పరుగెత్తిన పెట్టె, బాగాలేని ట్రాక్ మీద ఏంచేస్తుందో అలాంటి పరీక్ష చెప్పదు. రాజస్థాన్‌లో జోధ్‌పూర్ డివిజన్‌లోని గుఢా, ఠఠానా మిఠ్రీ స్టేషన్ల మధ్య రైల్వేవారు గంటకు 220 కిలోమీటర్ల వేగానికి సరిపడేలా ప్రత్యేక పరీక్షా ట్రాక్ తలపెట్టడానికి కారణం ఇదే. దాని మొత్తం పొడవు 59 కిలోమీటర్లు. అందులో ప్రధాన మార్గం 23 కిలోమీటర్లయితే, ఒక్క మలుపుల పరీక్షకే 20 కిలోమీటర్ల లూపు కేటాయించారు. మూడోవంతు ట్రాక్‌ను మలుపులకే ఇచ్చారంటే పరీక్షకు ఏది ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు.

మన తెలుగునేల మీద జరిగిన పరీక్ష ఒకటి ఇంకా సూటిగా ఈ సంగతి చెబుతుంది. 2022 మార్చి 4న లింగంపల్లి–వికారాబాద్ సెక్షన్‌లో గుల్లగూడ, చిట్గిడ్డ స్టేషన్ల మధ్య ఒకే లైను మీద రెండు ఇంజన్లను ఎదురెదురుగా నడిపారు. ఒకదాంట్లో రైల్వే మంత్రి, మరోదాంట్లో రైల్వే బోర్డు ఛైర్మన్ ఉన్నారు. రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థ ఇంజనును దానంతటదే, ఎదుటి ఇంజనుకు 380 మీటర్ల దూరంలో ఆపేసింది. రాకూడని పరిస్థితిని ఎంచి, కొలిచి, కావాలని తెచ్చిపెట్టడమే పరీక్ష. అంతా సవ్యంగా ఉన్నప్పుడు నడిపి చూడటాన్ని ప్రదర్శన అనాలి.

అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని ప్యూబ్లో దగ్గర 1971లో తెరిచిన రైల్వే పరీక్షా కేంద్రం ఈ పద్ధతికి పాఠ్యపుస్తకం లాంటిది. అక్కడ ఒక ట్రాక్‌లో కావాలనే లోపాలు చేశారు. రెండు పట్టాల అతుకులనూ ఎదురెదురుగా కాకుండా సగం దూరం జరిపి పెట్టి, ప్రతి 39 అడుగులకూ ఒకసారి ఒక పట్టాను ముప్పావు అంగుళం కిందికి దించారు. అంటే కుడి పట్టా కాస్త దిగుతుంది, ఇరవై అడుగులు పోయాక ఎడమ పట్టా దిగుతుంది, మళ్లీ కుడిది. ఆ ముక్క మీదికి వచ్చిన వ్యాగను పక్కలకు ఊగడం మొదలుపెడుతుంది. ఎంత ఊగితే పాస్, చక్రం మీద బరువు ఎంతకు తగ్గితే ఫెయిల్ అన్నదానికి నియమాలున్నాయి. మన బల్లమీది నమూనా కొలత 1:87 గనుక ఈ లెక్కను 87తో భాగించి చూడండి. 39 అడుగులు 137 మిల్లీమీటర్లవుతుంది. ముప్పావు అంగుళం, అంటే 19 మిల్లీమీటర్లు, 0.22 మిల్లీమీటరవుతుంది. మామూలు జిరాక్స్ కాగితం మందం దాదాపు 0.1 మిల్లీమీటరు. కాబట్టి ప్యూబ్లోలోని ఆ భయంకరమైన ట్రాక్‌ను బల్లమీద కట్టడానికి కావలసిన సామగ్రి రెండు కాగితం ముక్కలు. ప్రతి 68 మిల్లీమీటర్లకూ ఒకసారి, ఒకసారి కుడి పట్టా కింద, ఒకసారి ఎడమ పట్టా కింద స్లీపర్ల చివర అవి దూర్చితే చాలు.

అయితే ఇక్కడ తేలికగా తప్పటడుగు వేసే చోటుంది. పెద్ద రైలును 87 రెట్లు చిన్నది చేస్తే దాని కొలతలు చిన్నవవుతాయిగానీ భౌతిక సూత్రాలు చిన్నవి కావు. పొడవు 87వ వంతైతే ఘనపరిమాణం 87ను మూడుసార్లు గుణించినంత, అంటే ఆరున్నర లక్షల పైచిలుకు రెట్లు తగ్గుతుంది. ఎల్‌హెచ్‌బీ అనే రకం ప్రయాణికుల పెట్టె దాదాపు 40 టన్నులు, అది ఆ లెక్కన 61 గ్రాములే తూగాలి. కానీ 1935లో ఏర్పడిన అమెరికా నమూనా రైళ్ల సంఘం ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ, హెచ్‌ఓ అనే ఈ 1:87 కొలతలో పెట్టెకు సిఫారసు చేసే బరువు 28 గ్రాములు, ఆపైన ప్రతి అంగుళం పొడవుకూ మరో 14 గ్రాములు. ఎల్‌హెచ్‌బీ పెట్టె పొడవు 23.5 మీటర్లు, నమూనాలో 27 సెంటీమీటర్లు. లెక్క కడితే 179 గ్రాములు తేలుతుంది, అసలు నిష్పత్తికి దాదాపు మూడురెట్లు. చక్రపు అంచు కూడా అంతే. భారతీయ బ్రాడ్‌గేజి చక్రానికి ఫ్లాంజి ఎత్తు 28.5 మిల్లీమీటర్లు. నిష్పత్తి ప్రకారం 0.33 మిల్లీమీటరు ఉండాలి, ప్రామాణిక నమూనా చక్రానికి సుమారు 0.64 ఉంటుంది. ఈ రాయితీలన్నీ ఎందుకంటే పట్టాల అతుకులోని గరుకు, ధూళి రేణువు, మన చేతి పనిలోని వంకర 87 రెట్లు తగ్గవు. పెద్ద పెట్టెకున్న స్ప్రింగులు చిన్న పెట్టెకు ఉండవు, ఉన్నా అలా పనిచేయవు. అందుకే పరీక్షా ట్రాక్‌లో రెండు కాగితాలతో ఆగకూడదు, అర మిల్లీమీటరు దాకా, అంటే ఐదు కాగితాల దాకా పోవాలి. పెద్ద ట్రాక్‌ను అచ్చుగుద్దడం ఇక్కడ లక్ష్యం కాదు. చేత్తో వేసిన నమూనా పట్టాల్లో మామూలుగా వచ్చే తప్పును, దానికి మించి కొంచెం, పెట్టె తట్టుకుంటుందా అన్నదే ప్రశ్న.

మన పెట్టెలకు ఈ ప్రశ్న విదేశీ పెట్టెలకన్నా గట్టిగా వర్తిస్తుంది. హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అది యూరప్, అమెరికాల 1435 మిల్లీమీటర్ల గేజికి తగ్గ కొలత. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు, దాన్ని 87తో భాగిస్తే 19.3 వస్తుంది. కానీ చక్రాలు, మోటార్లు, పాయింట్లు అన్నీ 16.5కే దొరుకుతాయి గనుక మన నమూనాకారులు భారతీయ పెట్టె శరీరాన్ని తెచ్చి ఇరుకు పట్టాల మీద కూర్చోబెడతారు. ఎల్‌హెచ్‌బీ పెట్టె వెడల్పు 3.24 మీటర్లు. అసలు రైలులో పెట్టె వెడల్పు గేజికి 1.93 రెట్లు, నమూనాలో 2.26 రెట్లు. ఎత్తు మాత్రం తగ్గదు. కాళ్లు దగ్గరపెట్టి నిలబడ్డ మనిషిని తోస్తే ఎంత తేలిగ్గా పడతాడో ఈ పెట్టె అంత తేలిగ్గా ఒరుగుతుంది. పైగా ఇలాంటివి ఎక్కువభాగం ఇంట్లోనో చిన్న వర్క్‌షాపులోనో కొద్ది సంఖ్యలో తయారయ్యేవి. ఏ బరువు ఎక్కడ పడిందో చేసినవారే తూచి చూసుకోవాలి. పైకప్పు బరువైనదైతే ఒరిగే గుణం ఇంకా పెరుగుతుంది. దీన్ని పట్టివ్వగలిగేది కాగితాలు దూర్చిన ఆ ట్రాక్ ముక్కే.

ఇప్పుడు మొదటి ఆక్షేపణకు వద్దాం. ఉంగుటూరు ప్రాంతం చదును, లైను దాదాపు సరళరేఖ, కాబట్టి ఈ కుదుపులూ మలుపులూ మనకు వర్తించవన్నది అది. చదును నిజమే, కానీ చదునుకీ సాఫీకీ మధ్య నేల ఉంది. కొల్లేటి పరిసరాల నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిచ్చి కుంగుతుంది. ఏలూరులో తమ్మిలేరు మొదలుకొని ఈ లైను ఎన్నో ఏర్లనూ కాలవలనూ దాటుతుంది. వంతెన గట్టిది, కదలదు. దానికి రెండు పక్కలా ఉన్న మట్టికట్ట మెత్తనిది, రైళ్ల బరువుకు కొద్దికొద్దిగా దిగుతుంది. గట్టినేల మెత్తనినేలను కలిసే ఆ చోటే ట్రాక్ మట్టం త్వరగా చెడుతుందని రైల్వే ఇంజనీర్లందరికీ తెలుసు. అక్కడ కంకరను కుదించి పట్టాలను మళ్లీ మట్టానికి తేవడానికే టాంపింగ్ మెషీన్లు తిరుగుతుంటాయి. ఘాట్ లైన్ల కష్టం కంటికి కనిపించే వాలులోనూ మలుపులోనూ ఉంటే, డెల్టా లైన్ల కష్టం పట్టాల కింద, మిల్లీమీటర్లలో ఉంటుంది. అంటే ఒక పట్టా దిగి రెండోది దిగని మెలితిప్పుడే ఈ ప్రాంతపు లైనుకు అసలైన పరీక్ష. కొండలు లేవు గనుక పరీక్ష అక్కర్లేదనడం ఈ నేలను సరిగా చూడకపోవడమే.

మలుపుల విషయంలో ఆ ఆక్షేపణ ఇంకా బలహీనం. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా 50 కిలోమీటర్లకు కాస్త తక్కువ. 1:87లో కడితే అర కిలోమీటరు దాటుతుంది. ఎవరింట్లోనూ అంత చోటుండదు గనుక లైనును మడవాల్సిందే, మడిచిన ప్రతిచోటా మలుపు పుడుతుంది. మన బ్రాడ్‌గేజిలో అనుమతించే అతి బిగువైన మలుపు 175 మీటర్ల వ్యాసార్ధం, నమూనాలో 2 మీటర్లు. ఇళ్లలో వేసేవి మామూలుగా 45 సెంటీమీటర్ల చుట్టూ ఉంటాయి. అంటే సరళరేఖ లాంటి లైను మీద పరుగెత్తాల్సిన పెట్టెను, అసలు రైల్వేలో ఎక్కడా ఒప్పుకోనంత బిగువు మలుపులో తిప్పుతున్నాం. ఎల్‌హెచ్‌బీ పెట్టెకు ముందు వెనుక చక్రాల చట్రాల మధ్య దూరం 14.9 మీటర్లు, నమూనాలో 171 మిల్లీమీటర్లు. 457 మిల్లీమీటర్ల మలుపులో ఆ పెట్టె నడుము 8 మిల్లీమీటర్లు లోపలికి జరుగుతుంది, కొసలు దాదాపు 12 మిల్లీమీటర్లు బయటికి జరుగుతాయి. కుడి మలుపు అవ్వగానే ఎడమ మలుపు వస్తే, ఒక పెట్టె కొస 12 ఇటు, దాన్ని ఆనుకున్న పెట్టె కొస 12 అటు, రెంటి మధ్య 24 మిల్లీమీటర్ల ఎడం. కప్లింగ్ ఆ ఎడాన్ని భరించలేక చక్రాన్ని పట్టా మీదినుంచి లాగేస్తుంది. రెండు మలుపుల మధ్య కనీసం ఒక పెట్టె పొడవు తిన్నని పట్టా వేయాలన్న నియమం వెనుక ఉన్న లెక్క ఇదే. పరీక్షా ట్రాక్‌లో మాత్రం ఆ తిన్నని ముక్క లేని ఎస్ మలుపు ఒకటి ఉండి తీరాలి. అక్కడ పెట్టె పడిపోతే తప్పు పెట్టెదని కాదు, దాని హద్దు ఎక్కడుందో తెలిసిందని.

వాలు ఎందుకంటే, నేలను అనుకరించడానికి కాదు. వాలు అంటే ఘర్షణను తూచే కాటా. మీటరు పొడవున్న బల్లకు ఒక కొస బిజాగిరి పెట్టి, రెండో కొసను కొద్దికొద్దిగా ఎత్తండి. 25 మిల్లీమీటర్లు ఎత్తినప్పుడు పెట్టె దానంతటదే కదిలి దొర్లుతూ పోతే, ఆ పెట్టెను లాగడానికి దాని బరువులో నూటికి రెండున్నర వంతు బలం కావాలన్నమాట. మిల్లీమీటర్లను పదితో భాగిస్తే శాతం వచ్చేస్తుంది. వేరే పరికరం అక్కర్లేదు. ఇక ఇంజను ఎంత లాగుతుందో చూడటానికి కొట్టుల్లో వాడే చిన్న డిజిటల్ కాటా చాలు. దాని మీద 200 గ్రాముల తూకపురాయి పెట్టి, దారం కట్టి, బల్ల అంచున ఉన్న చిన్న కప్పీ మీదుగా ఇంజను కప్లింగ్‌కు తగిలించాలి. ఇంజను లాగేకొద్దీ కాటా మీద అంకె తగ్గుతుంది. చక్రాలు జారి తిరగడం మొదలైనప్పుడు 120 చూపితే లాగిన బలం 80 గ్రాములు. 400 గ్రాముల ఇంజను అలా 80 లాగిందనుకుందాం. 179 గ్రాముల పెట్టెకు చదునులో నాలుగున్నర గ్రాముల బలం కావాలి, కాబట్టి 17 పెట్టెలు వస్తాయి. 50 మీటర్లకు ఒక మీటరు ఎక్కే వాలు మీద ఇంజను తన బరువుకే 8 గ్రాములు ఖర్చుపెట్టుకుంటుంది, ఒక్కో పెట్టె 8 గ్రాములకు పైగా అడుగుతుంది. 17 కాస్తా 8కి పడిపోతాయి. కంటికి ఆననంత వాలు రైలు పొడవును సగానికి కోసేస్తుందంటే నమ్మడం కష్టమే, కానీ లెక్కా కాటా ఒకే మాట చెబుతాయి. తాడేపల్లిగూడెంలో 2015లో మొదలైన ఎన్‌ఐటీలాంటి చోట తొలి ఏడాది విద్యార్థులకు ఘర్షణ పాఠం చెప్పడానికి ఇంతకన్నా చక్కని ప్రయోగం నాకు తోచదు.

తిన్నని ముక్కలో ఒక మీటరు దూరంలో రెండు గీతలు గీస్తే వేగం తెలుస్తుంది. గంటకు 130 కిలోమీటర్ల వేగం నమూనాలో మీటరుకు 2.4 సెకన్లు. అంతకన్నా వేగంగా దూసుకుపోయే ఇంజను బొమ్మగా బాగుంటుందేమోగానీ, ఉంగుటూరు లైనులో దానికి చోటులేదు. ఒక పాయింటు, దాని క్రాసింగ్ దగ్గర కరెంటు అందని చిన్న ముక్క, చక్రాల లోపలి ముఖాల మధ్య సుమారు 14.4 మిల్లీమీటర్లు ఉందో లేదో చూసే గేజి పలక, ఎన్ని ఆంపియర్లు తాగుతోందో చూపే మీటరు. ఇవీ పరీక్షా ట్రాక్‌లో ఉండాలి, వీటి గురించి ఇంతకన్నా విస్తరించక్కర్లేదు.

అనుభవమున్నవారు వేసే గట్టి ప్రశ్న వేరే ఉంది. పూర్తి నమూనా రైల్వే ఎటూ కడతాం కదా, పెట్టెను దాని మీదే తిప్పి చూస్తే పోదా అంటారు. పోదు. పూర్తి రైల్వేలో ఒకేచోట మలుపూ వాలూ పాయింటూ కలిసి వస్తాయి. అక్కడ పెట్టె పడితే ఆ మూడింట్లో దేనివల్ల పడిందో తేలదు. పెట్టె వంకా, పట్టా వంకా చూసి, ఉన్న రెండింటినీ సవరిస్తూ పోతాం. చివరికి ఆ ఒక్క పెట్టెకు నప్పేలా పట్టాను చెడగొట్టుకోవడమూ కద్దు. ఒక్కో తప్పును ఒక్కో ముక్కలో ఒంటరిగా పెట్టడంలోని ప్రయోజనం ఇదే. కాగితాల ముక్క మీద మాత్రమే పడి, మలుపులో పడని పెట్టెకు రోగం తెలిసిపోయినట్టే. దాని రెండు చక్రాల చట్రాలూ మరీ బిగిసి ఉన్నాయి. ఒక చట్రం స్క్రూను పావుచుట్టు వదులు చేసి, అది పక్కలకు కూడా కాస్త ఊగేలా చేస్తే, రెండోది గుండ్రంగా మాత్రమే తిరిగేలా ఉంచితే, పెట్టె మూడు ఆధారాల మీద నిలబడి ఎలాంటి మెలికకైనా సర్దుకుంటుంది. రోలర్ల మీద ఇంజనును ఉన్నచోటే తిప్పే పరికరం సంగతీ అంతే. మోటారు ఆరోగ్యాన్ని అది బాగా చెబుతుంది, చక్రానికీ పట్టాకీ ఉన్న సంబంధాన్ని చెప్పలేదు. ఇక చెడ్డ ట్రాక్ మీద తిప్పితే ఖరీదైన నమూనా పాడవుతుందన్న భయం. నెమ్మదిగా, చేతికి అందేంత దూరంలో, మెత్తని అంచు గోడ పెట్టుకుని తిప్పే చోట పడితే గీత కూడా పడదు. బల్ల ఎత్తునుంచి గచ్చు మీద పడితేనే ప్రమాదం, అది జరిగేది పరీక్షించకుండా రైలుకు కట్టినప్పుడే.

కట్టడంలో మన వాతావరణం ఒక పక్షం. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఎండ, తరవాత నెలల తరబడి తడిగాలి. రెండున్నర మీటర్ల నికెల్ సిల్వర్ పట్టా పాతిక డిగ్రీల తేడాకు దాదాపు ఒక మిల్లీమీటరు సాగుతుంది. దాన్నయినా అతుకుల్లో సందులు వదిలి సర్దుకోవచ్చు, చెక్కను మాత్రం నమ్మలేం. తడికి ఉబ్బి, ఎండకు ముడుచుకునే బల్ల మీద అర మిల్లీమీటరు తప్పును కొలిచి పెట్టడం అర్థంలేని పని, నెల తిరిగేసరికి ఆ కొలత మారిపోతుంది. కాబట్టి చట్రానికి కిటికీల పనివాళ్ల దగ్గర దొరికే అల్యూమినియం సెక్షన్, పైన నీటికి తట్టుకునే 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, దానికి అన్ని అంచులా పెయింటు. కాగితం ముక్కలకు బదులు అదే మందం ప్లాస్టిక్ రేకులు పెడితే తడి పీల్చవు. రైస్ మిల్లుల ప్రాంతం గనుక గాలిలో ఊకపొడి ఉంటుంది. పరీక్షకు ముందు పట్టాను తుడవకపోతే మీటరు చూపే అంకె మోటారుదా, ధూళిదా చెప్పలేం.

అయినా ట్రాక్ మారదని హామీ లేదు. మరి పరీక్షా ట్రాక్‌ను పరీక్షించేదెవరు? ఆఖరి ఆక్షేపణ ఇదే, అన్నిటిలోకీ న్యాయమైనదీ ఇదే. జవాబు ఒక పెట్టె. బరువు, చక్రాల ఎడం, చట్రాల బిగువు అన్నీ సరిచూసిన పెట్టె ఒకదాన్ని విడిగా మూతపెట్టెలో ఉంచాలి. దాన్ని ఏ రైలుకూ కట్టకూడదు, రంగు వేయకూడదు, చక్రాలు మార్చకూడదు. కొత్తదాన్ని పరీక్షించే ప్రతిసారీ ముందు దీన్ని అన్ని ముక్కల మీదా తిప్పి, బల్ల ఎన్ని మిల్లీమీటర్లు ఎత్తితే దొర్లిందో, ఐదు రేకుల ముక్కను ఏ వేగంలో దాటిందో పుస్తకంలో రాయాలి. అంకెలు పోయినసారి లాగే ఉంటే ట్రాక్ బాగున్నట్టు, కొత్త పెట్టెను ఎక్కించవచ్చు. తేడా వస్తే కొత్త పెట్టెను పక్కనపెట్టి రసమట్టం తీసుకుని, తేడా వచ్చిన ముక్క నుంచే మొదలుపెట్టి, ఒక్కో స్లీపరూ చూసుకుంటూ రావాలి.